పావంగుళం నీడ

మర్రిపాలెంలో మా వంటింటి అలమర తలుపులు
పదకొండేళ్ళుగా ఏమీ రాయని పలకలు.
తెల్ల సన్‌మైకా, నల్ల పిడి,
మూలల్లో ఉప్పుగాలి కొరికిన ఆనవాళ్ళు.
కొత్తవైతే లక్షా పాతిక, అన్నాడు షాపాయన
కాలిక్యులేటర్ నా వైపు తిప్పి.
నేను చెప్పుల్ని గుమ్మం వైపు తిప్పాను.

ఏడు తలుపులు, తలుపుకి ఏడడుగులు.
లెక్కల ట్యూషన్ చెప్పే మనిషిని, తప్పుతానా?
పూర్ణామార్కెట్ వెనక సందులో
సరిగ్గా నలభై తొమ్మిది అడుగుల చెక్క బీడింగ్ కొలిపించి
ఆటోలో పెడితే, అటూ ఇటూ చొచ్చుకొచ్చి
కంచరపాలెం దాకా అందరి చేతా తిట్లు తింది.

గురువులు మేస్త్రి బద్దని కంటికి ఆనించి
బాణం గురి చూసినట్టు చూశాడు.
షిప్‌యార్డులో ఓడ గదులకి చెక్కపని చేసినోడు.
"ఓడలో తిన్నటి గోడ ఉండదమ్మా,
మనవేఁ తిన్నగుండాల" అని
మా అలమర మూలకి మట్టం పెట్టి నవ్వాడు.
అరనూలు అటు, నూలు ఇటు.
"ఇదీ ఓడేనమ్మా."

గరుకు కాగితంతో సన్‌మైకా నునుపు చంపి
ఏటవాలుగా కోసిన రెండు కొసల్ని
మూల మీద ముఖాముఖి కూర్చోబెట్టి
సన్నమేకుని సుత్తి దెబ్బతో కాదు,
సుత్తి బరువుతో దించాడు.
సందు మిగిలిన చోట
రంపప్పొట్టు ఫెవికాల్లో కలిపి
చంటిపాపకి చుక్క పెట్టినంత నెమ్మదిగా
వేలితో రాశాడు.

ఏడో తలుపు దగ్గర బద్ద జానెడు తక్కువైంది.
నేను కాగితం తెచ్చి మళ్ళీ గుణించాను.
ఏడేడులు నలభై తొమ్మిదే.
"లెక్క సరే. రంపం కూడా తింటాదమ్మా,
దాని కూడు ఎయ్యలేదు నువ్వు."

తుక్కులోంచి రెండు ముక్కలు ఏరి
అంచుకి అంచు ఒప్పుకునేదాకా తిప్పి తిప్పి
అతికించాడు.
టీ తాగాడు. కూలి లెక్కపెట్టుకోకుండా జేబులో వేసుకున్నాడు.

మర్నాడు నేనే తెల్లరంగు వేశాను.
సాయంత్రం బాల్కనీ వెలుతురు పక్కనించి పడితే
ప్రతి తలుపు మీదా నాలుగంచులా
పావంగుళం నీడ లేచి నిలబడింది.
హాల్లో భిన్నాలతో కుస్తీ పడుతున్న యామిని తలెత్తి
"మిస్, లైటు మార్చారా?" అంది.
లేదన్నాను.

ఏడో తలుపు గురించి ఎవరూ అడగలేదు.
కందిపప్పు డబ్బా తీసేటప్పుడు మాత్రం
నా బొటనవేలు ఆ అతుకు దగ్గర కాస్త ఆగుతుంది,
అన్నం పెట్టకుండా పంపేసిన మనిషెవరో
గుర్తొచ్చినట్టు.