పసుప్పచ్చ ముల్లంగి

ముప్పై ఒక్కేళ్ళు మిర్చి యార్డులో
తేజ, బాడిగ కాటాలు రాసిన చేతికి
డాక్టరు చీటీ రాసిచ్చాడు:
కారం బంద్.
ఆ ఘాటులో ఒక్కసారీ తుమ్మి ఎరగనివాణ్ణి,
గుంటూర్లో ఉండి కారం మానాలట!
నవ్వొచ్చింది.
నవ్వినా కడుపులో మండింది.

గోంగూర జాడీ పై అరకెక్కింది.
పండుమిరప పచ్చడి
సామ్రాజ్యం నాకు కనపడకుండా తినేది కొన్నాళ్ళు,
దొంగసారా తాగినట్టు.
నా కంచంలో పెరుగన్నం పక్కన మాత్రం
ఖాళీ,
పన్ను ఊడిన చోటులా.
నాలిక మాటిమాటికీ అక్కడికే వెళ్ళేది.

లక్ష్మీపురం సూపర్‌మార్కెట్లో
పాల పాకెట్ కోసం చల్లటి అద్దాల బీరువా తెరిస్తే
నీళ్ళ సంచిలో పడుకుని ఉంది, మూరెడు కర్ర.
ఇంత పొడుగు పసుపు కొమ్మా అనుకున్నా.
పైన రాతంతా సున్నాలూ గీతలూ.
అర్థమయ్యే ఒక్క ముక్క ఉందేమోనని చూస్తే
దాని మీదే ధర చీటీ అంటించారు. నూట తొంభై.
బిల్లు కొట్టే పిల్లని అడిగా.
"కొరియా ముల్లంగండీ. కాలేజీ వాళ్ళు కొంటారు,
అన్నం చుట్టల్లో పెట్టుకోడానికి. కారం ఉండదు..."
ఇంకా ఏదో చెప్తోంది.
నేను కారం ఉండదు దగ్గరే ఆగిపోయా.
పాలు మర్చిపోయా.

సంచి మూల కత్తిరించగానే
వాసన వంటిల్లు దాటి వరండాలోకొచ్చి కూర్చుంది.
"ముల్లంగి సాంబారు పెట్టిన రోజున
శంకర్‌విలాస్ దాకా నడిచెళ్ళి ఇడ్లీ తినొచ్చే మనిషి,
డబ్బులిచ్చి మరీ తెచ్చాడమ్మా!"
గోడకి చెప్పింది. గోడవతల
నాగూర్‌బీ నవ్వు వినపడింది.

మొదట ముద్దపప్పులో నంజుకున్నా. పొరపాటు.
దాని తీపీ పులుపూ, మన పప్పూ నెయ్యీ
కట్నం దగ్గర మాటామాటా అనుకున్న వియ్యాలవారిలా
ఎడమొహం పెడమొహం.
రాత్రి పెరుగన్నంలో,
కర్ర్.
ఇంకో ముక్క.
కర్ర్.
నాలిక కంటే ముందు పళ్ళు సంతోషించాయి.

నాలుగు రోజుల్లో కర్ర అయిపోయింది.
పచ్చటి నీళ్ళు మిగిలితే పారబోయనివ్వలేదు సామ్రాజ్యం,
కీరా ముక్కలు పడేసి ఇంకో రెండు పూటలు లాగింది.
"నూట తొంభై! ఏముందిందులో?"
అని కొల్లి శారద మార్కెట్ నుంచి
తెల్ల ముల్లంగులు మోసుకొచ్చింది,
ఒక్కోటి చంటిపిల్లాడి కాలంత.
ఉప్పు రాసి, పొత్రం బరువు పెట్టి,
రెండు రోజులు ఏడిపించి,
పంచదారా వెనిగరూ కాచి పోసి,
చిటికెడు దుగ్గిరాల పసుపు.
మన పసుపు మొండిది.
ముల్లంగికే కాదు, జాడీ మూతకీ,
ఆవిడ గోళ్ళకీ, నా పెదాలకీ అంటింది.
పాకెట్‌దంత తీపి లేదు. చివర్న కాస్త చేదు.
ఇంకో ముక్క వెయ్యమన్నా.

రాత్రి ఎప్పుడో మెలకువొచ్చింది.
పక్కన మనిషి లేదు.
చీకట్లో వంటింట్లోంచి,
కర్ర్.
వెనకాలే ఆవాలూ, ఇంగువా, ఎండుమిర్చీ
తాలింపు కమురు.
తన వాటాకి వేరే సీసా పెట్టుకుందన్నమాట.

ముక్కు చివర ఏదో కదిలింది.
ఆపుకున్నా. ఆగలేదు.
దుప్పట్లో మొహం దూర్చి
తుమ్మా.

"నిద్ర పట్టలేదా?" అంది,
నోటినిండా.