సైకిల్ చువ్వ

అల్లిపురంలో మా కొట్టు ముందు
ఆటో దిగింది ఫ్యాను,
నూకరత్నం గారి పాత చీర చుట్టుకుని.
"రెక్కలు బాగానే ఉన్నాయి బాబూ,
గూడే కుళ్ళిపోనాది."

ఇనప తీగలు పాతిక.
నడుమ అరచేతిలో పట్టే బిళ్ళ,
దానిమీది పేరు ఉప్పుగాలి
ఎప్పుడో నాకేసింది.
ఈ ఊళ్ళో ఇనుము కొన్నవాడు
సగం సముద్రానికి కొన్నట్టే.

కిరసనాయిల్లో ఒక రాత్రి నానబెట్టి
పొద్దున్నే తీగబ్రష్షు పట్టాను.
ముందు వెండి రంగు రాలింది,
దాని కింద మీగడ రంగు,
దాని కింద రైల్వే ఆసుపత్రి ఆకుపచ్చ
(వేలంలో పదకొండు రూపాయలట,
చీటీ ఇంకా దాచారట, నేనడగలేదు)
అట్టడుగున నలుపు,
సిరాబుడ్డిలో మిగిలిపోయినంత నలుపు.

లెక్కపెట్టుకుంటూ పోతున్నాను.
పదిహేడో తీగ మీద బ్రష్షు జారింది.
తుప్పు లేదు. వంపూ లేదు.
మిగతావన్నీ మెలి తిరిగి బిళ్ళని చేరుతుంటే
ఇదొక్కటీ బిర్రబిగిసి నిలబడింది,
కొసన సన్నటి మరలు.
సైకిల్ చువ్వ!
రెండు చివరలా రాగితీగ,
పడవ కట్టేసే ముడి.

"మా ఆయన.
గుంట ఏలు పెట్టేసిందని
డాక్‌యార్డుకెళ్ళే సైకిల్దే పీకి కట్టేశాడు.
ఆ ఏడాదంతా
జ్ఞానాపురం వంతెన ఎక్కితే సాలు, చక్రం తూలీది."

చేతిలో పని ఆగింది.
"దీన్ని ఉంచేస్తానమ్మా, మెరుగు పెట్టి" అన్నాను,
గొంతు కాస్త తగ్గించి.

"తీసెయ్.
ముప్పయ్యేళ్ళు, రెండో నంబరు మీద గుయ్యిమని ఒకటే గోల.
సెప్తే ఇన్నాడు కాడు.
ఒక్క రాత్రి ఉత్త గాలి ఇనాల నాను."

కత్తిరిస్తే క్షణం పని.
ముడి విప్పడానికి నలభై నిమిషాలు పట్టింది.

కొత్త తీగ వంచి, వెలిగారం చల్లి,
ఇత్తడి కరిగించి అతికాను.
నాలుగు పూతల ఎనామిల్,
పూతకీ పూతకీ మధ్య గరుకు కాగితం.
వానాకాలపు తేమకి రంగు పొంగుతుందని
వందవాట్ల బల్బు కింద కాపలా కాశాను,
పురిటి మంచం దగ్గర కూర్చున్నట్టు.

స్విచ్చి వేశాను.
ఆవిడ కళ్ళు మూసుకుని కూర్చున్నారు చాలాసేపు.
పమిట చెంగు లేచింది, పడింది, లేచింది.
చప్పుడన్నది లేదు.
బాగుందో లేదో చెప్పలేదు.
చిల్లరతో సహా లెక్కపెట్టి ఇచ్చి
ఆటో పిలవమన్నారు.

చువ్వ అడగలేదు.
నేనూ గుర్తు చెయ్యలేదు.
రంగు కలపడానికి వాడుతున్నాను.
డబ్బా అడుగు దాకా అందుతుంది.