సమ్మె కాలపు సబ్బు

నదికి అవతలి ఒడ్డు కెనడా, ఇవతల మేము.
మా నెత్తిన కాగితం మిల్లు గొట్టాలు.
గేటుకు గొలుసు పడిన పదకొండో వారం
అమ్మ సబ్బు పొడి కొనడం మానేసింది.

పెద్ద పెట్టె రెండు డాలర్లకు పైమాటే.
సమ్మె నిధి నుంచి వచ్చేది వారానికి ముప్ఫై.
అందులోనే పాలు, బంగాళాదుంపలు, కరెంటు,
తమ్ముడి చెవిపోటు మందు.
లెక్కల్లో నేను క్లాసుకి ఫస్టు.
అయినా ఆ లెక్క ఎన్నిసార్లు చేసినా
సబ్బు దగ్గరికొచ్చేసరికి చిల్లర మిగిలేది కాదు.

నా పని తురమడం.
ఒక్క పచ్చటి బట్టల సబ్బు బిళ్ళ, చీజు తురిమే రేకు.
మొదట్లో సరదాగానే ఉండేది.
బిళ్ళ అరిగి అరిగి అగ్గిపెట్టంత అయ్యాక
వేళ్ళ కణుపులు చెక్కుకుపోయేవి.
"పడనీ, నీ తోలు కూడా కలిస్తే ఇంకా తెల్లగా వస్తాయి"
అనేది అమ్మ, నవ్వకుండా.

మిగతాదంతా ఆమెది.
నీళ్ళు మరిగీ మరగకముందే తురుము జల్లి
చెక్క గరిటెతో తిప్పుతూ, తిప్పుతూ
(పొంగిందా, పొయ్యి తుడిచే పని కూడా నాదే)
ఒక కప్పు చాకలి సోడా,
అర కప్పు వెలిగారం,
ఆపైన నాన్న రంగు గీకి తెచ్చిన ఐదు గ్యాలన్ల బకెట్టు నిండా
వేణ్ణీళ్ళు.
మూత పెట్టి, ఇక పడుకోమనేది
మమ్మల్నీ, దాన్నీ.

తెల్లారేసరికి గంజి.
అక్కడక్కడా ముద్దలు, పైన నీళ్ళ తేట.
కొనే పొడిలో లాగా నీలం చుక్కలుండవు, నురగ రాదు.
"నురగ లేకపోతే మురికెలా పోతుందమ్మా?"
"నురగ కంపెనీవాడి కోసం. మురికికి సోడా చాలు."

అడిగినవాళ్ళందరికీ నింపి ఇచ్చింది.
ఊరగాయ సీసాలు, సిరప్ సీసాలు,
మదాం బొలియూ అయితే పూలకుండీ తెచ్చింది,
అడుగున చిల్లి ఉన్నది.
ఆ వేసవి మా వీధి వీధంతటికీ ఒకటే బట్టల వాసన.
అంటే, ఏ వాసనా లేకపోవడం.

అది మాకు కొత్త.
మిల్లు నడిచినన్నాళ్ళూ కుళ్ళిన గుడ్ల కంపు
దుప్పట్లలో, దిండు గలేబుల్లో,
ఆదివారం చర్చికేసుకునే కోట్లలో.
ఏ సబ్బుకీ లొంగేది కాదు.
"జీతం వాసన" అనేవాడు నాన్న.
ఇప్పుడు జీతమూ లేదు, వాసనా లేదు.
తీగ మీది దుప్పట్లో మొహం పెడితే
ఎండ, కాస్త నది.

సెప్టెంబరులో
కంపెనీ వెనక గేటు తెరిచిందని, ఒక్క యంత్రం తిప్పుతోందని గుసగుస.
ఒక రాత్రి వంటింటి తలుపు దగ్గర ఓడెట్.
చేతిలో సీసా, కోటు లోపల ఏదో చుట్ట.
"లుడివీన్, నీ సబ్బు... కాస్త గట్టిది చెయ్యగలవా?
వాసన పోయేలా."

ఏ వాసన అని అమ్మ అడగలేదు.
ఓడెట్టే చుట్ట విప్పింది. రొసేర్ చొక్కా.
మెట్ల మీద కూర్చున్న నా దాకా వచ్చింది
ఇన్ని వారాల తర్వాత, మిల్లు.

గేటు ముందు నాన్న పట్టుకునే అట్ట మీద
అలాంటివాళ్ళకి ఒక పేరుంది.
ఆ పేరు నేను పలికిన రోజు
అమ్మ నా నోరు కడిగించింది, ఈ సబ్బుతోనే.

ఫ్రిజ్ గుర్రుమని ఆగింది, మళ్ళీ మొదలైంది.
అమ్మ సీసా అందుకుంది. అంచుదాకా నింపింది.
ఇంకో పిడికెడు సోడా కాగితంలో పొట్లం కట్టింది.
"రాత్రంతా నానబెట్టు. ఆఖర్న వెనిగర్ నీళ్ళలో జాడించు.
తీగ మీద వెయ్యకు.
కింద, బాయిలర్ పక్కన ఆరెయ్యి."
ఓడెట్ ఏదో అనబోయింది.
"సీసా మటుకు తిరిగి తేవద్దు" అంది అమ్మ.

పొద్దున నాన్న బకెట్టు మూత తీశాడు.
"జానెడు తగ్గిందేం?"
"దుప్పట్లు ఉతికాను."
నాన్న కిటికీలోంచి ఖాళీ తీగ వైపు చూశాడు,
అమ్మ వైపు చూశాడు,
టోపీ పెట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు.

నేను అలమర తెరిచి
తురుము రేకు తీశాను.