దడ్వాయి సమాధానం

ఎనుమాముల యార్డుల మిర్చి సీజను.
పొద్దుగాల ఆరింటికే గాలి ఎర్రగుంటది.
కొత్తగ వచ్చినోళ్లు తుమ్ముకుంట వస్తరు,
తుమ్ముకుంటనే పోతరు.
ఇరవై రెండేండ్ల సంది నాకు తుమ్ము రాదు.
ఘాటు మరిగిన ముక్కు నాది.
అబద్ధం గూడ అంతే,
కొన్నాళ్లకు తుమ్ము రాదు.

నాకు రెండు పేర్లు.
బడి రిజిస్టర్ల కొమురయ్య,
సంఘం పుస్తకంల సమాధానం.
కాకతీయ కాలువల ముంచినప్పుడు
దయానందం అయ్యగారు పెట్టిండు ఆ పేరు.
నీళ్లు చల్లగుండె, ముక్కులకు పోయినయి.
లేచేసరికి ఒడ్డు మీద సువార్త, నా భార్య,
తువాల పట్టుకొని నవ్వుతాంది.
గంతే.
ఆకాశం తెరుచుకోలె. ఎవలు పిలువలె.
అంగీ ఆరకముందే కాంట కాడికి పోయిన.

ఆ పొద్దు గూడ బస్తాకు కిలోన్నర కోసిన.
తరుగు అంటం దాన్ని.
తేమ అంటం, తాలు అంటం.
దొంగతనానికి మార్కెట్ల శానా పేర్లున్నయి,
నాకన్న ఎక్కువ.

ఆదివారం దశమభాగం కవర్ల పెడుతుంటే
నోట్లకు మిర్చి వాసన.
చందా సంచి పట్టుకొచ్చిన పిల్లగాడు
ఒకపారి నా ముందరికొచ్చి తుమ్మిండు.
అందరు నవ్విన్రు.
నేను నవ్వలె.

ఫిబ్రవరిల ఒకనాడు
మొగుళ్లపల్లి దిక్కుకెళ్లి ఒకామె వచ్చింది.
పన్నెండు బస్తాలు, వెంబడి మనిషి లేదు.
చేతులకు కారం మంట, కొంగు తడిపి చుట్టుకున్నది.
కాంట దిక్కు చూడలె ఆమె,
ఎర్రగ వెలిగే అంకెల దిక్కు చూడలె.
నా మొఖం దిక్కు చూసింది.
"నాకు సదువు రాదన్న,
నువ్వు ఎంతంటే అంత."

ఆ మాట నేనే అన్న ఒకప్పుడు,
కాలువల మెడదాక నీళ్లల్ల నిలబడి,
పైకి చూసి.
నువ్వు ఎంతంటే అంత.

నాలుక మీద నలభై ఒకటిన్నర తయారుగున్నది.
నలభై మూడు, అన్న.
నా గొంతు నాకే కొత్తగ వినొచ్చింది.
ఆడ్తి సేటు పెన్ను ఆగింది.
"ఏమైందిర కొమురయ్యా?"
నేను సమాధానం చెప్పలె.
సమాధానంగ నిలబడ్డ.

తెల్లారి నుంచి నా వంతు రాలె.
పందొమ్మిది రోజులు.
సువార్త ఏమనలె, బియ్యం డబ్బాల చేయి పెట్టి
అడుగు తగిలిందో లేదో చూసేది, మూత పెట్టేది.
అయ్యగారు ఇంటికొచ్చి
"ఆదివారం సాక్ష్యం చెప్పు సమాధానం" అన్నడు.
వద్దన్న.
పన్నెండు బస్తాలకు సాక్ష్యమా అయ్యగారు,
మరి మిగిలినయి?
ఆ రాత్రి లెక్క కట్ట కూసున్న.
బస్తాకు కిలోన్నర, రోజుకు రెండు వందల బస్తాలు...
రెండేండ్ల కాడ పెన్సిలు ఆగిపోయింది.
నాలుగింతలు తిరిగిస్త అనటానికి
నేను చెట్టెక్కినోణ్ణి కాదు,
కిరాయి ఇంట్ల ఉండేటోణ్ణి.

సీజను జోరుకు మల్ల పిలిచిన్రు.
అబద్ధమెందుకు,
ఒకరోజు మల్ల కోసిన.
బిడ్డ ఫీజుకు ఆఖరు తారీఖుండె.
నన్ను కుదిపెటందుకు కోడి కూయలె.
మా గల్లీల కోళ్లన్ని చికెన్ సెంటరు జాలిల ఉంటయి,
యాళ్లా పాళ్లా లేకుంట కూస్తయి.
ఇంటికి పోతే అన్నం సయించలె.
పళ్లెం ముందట కండ్లు మూసి
స్తుతి అనబోతే
పెదవి మండింది, కారం చెయ్యి తగిలినట్టు.

తెల్లారి సేటుకు చెప్పిన:
నా చేతి మీద కోత ఉండదు, ఉంచుకుంటే ఉంచుకో.
కాళ్లు వణుకుతున్నయి చెప్పేటప్పుడు.
ఇంక గూడ, రోజూ పొద్దున వణుకుతయి.
ఉంచుకున్నడో, పంపిండో
సాయంత్రం దాక తెల్వదు.
రోజు కూలోని విశ్వాసం గూడ
రోజు కూలే.

మొన్న తేజ బస్తా మూతి విప్పంగనే
తుమ్మొచ్చింది.
ఒకటి గాదు, ఏడెనిమిది.
కండ్లల్ల నీళ్లు కారినయి.
"సర్ది పట్టినట్టుంది, కషాయం తాగు"
అన్నడు హమాలీ భిక్షపతి,
బస్తాను కాంట మీద పడేసుకుంట.

ఎర్ర అంకెలు ఊగుతున్నయి.
అవి ఆగేదాక నోరు తెరవద్దు.