చిల్లుల గుడ్డలు

నలభై రెండు.
పారెయ్యమని మామా సంచి చేతికిచ్చినప్పుడు
లెక్కపెట్టాను, జహ్రాలో,
ఏసీ నీళ్లు కారే వెనక గుమ్మం దగ్గర.
"చిల్లుల గుడ్డలు. దుమ్ము పడతాయి" అంది.

నరసాపురం అవతల ఇసకదిబ్బ మాది.
అక్షరాలకన్నా ముందు గొలుసు కుట్టు నేర్చినదాన్ని.
పువ్వుకింత అని ఏజెంటు చిల్లర విదిల్చేవాడు.
పాతికేళ్లు అల్లాను,
మా ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు.
ఇవి దేనికే అని చిన్నప్పుడు అమ్మనడిగితే
"దొరల దేశంలో బల్లలకి చలేస్తదంట" అంది
సూది మీంచి కళ్లెత్తకుండా.

ఇక్కడ నిజంగానే చలేస్తుంది బల్లలకి.
పద్దెనిమిదిలో పెడతారు ఏసీ.

సంచి పారెయ్యలేదు.
పెద్దదాన్ని గంజిలో ముంచి
బోర్లించిన గిన్నె మీద ఆరేశాను.
ఈ ఎండకి అరగంట చాలు, బుట్టయి కూచుంది.
వెల్లుల్లిపాయలు పోశాను. గాలాడుతుంది, మొలకలు రావు.
ఇంకోదాని అంచుకి
చిన్నపిల్ల తెంపేసిన దండలోని పూసలు కుట్టి
పెరుగు గిన్నె మీద కప్పాను.
ఒకటి నాలుగు మడతలేసి ఫోను కింద.
రాత్రి రెండింటికి చెల్లెలు చేసినా
బల్ల గుర్రుమనదు, ఇల్లు లేవదు.
వంటింట్లో తోడుండే ఇథియోపియా పిల్ల త్సెహాయ్
అబాయా మోచేతి దగ్గర చిరిగితే
నల్లరంగులో ముంచి అతికాను.
ఎక్కడ కొన్నావని దాన్ని మామాయే అడిగింది.
కడప ఓబులేసు, కారు తోలేవాడు,
చెమట పీలుస్తుందని టోపీ కింద పెట్టుకున్నాడు.
సాయంత్రం టోపీ తీస్తే
నుదుటి మీద ఎర్రగా ఆరు రేకుల పువ్వు.
రెండ్రోజులు నవ్వుకున్నాం.

ముడుల కోసం వెతికాను, అబద్ధమెందుకు,
మా అరుగు మీద అల్లినవేమో అని.
కావు.
మావాళ్లు ముడిని లోపలికి దాస్తారు,
కనబడితే ఏజెంటు అర్ధరూపాయి కోస్తాడు.
ఈ ముడి బాహాటంగా బయటే ఉంది.
ఎవరూ ఖరీదు కట్టని చెయ్యి ఇది.

లోపలి గదిలో ఉమ్ ఫలాహ్, మామా అత్తగారు.
మంచం దిగదు.
ఒకరోజు నన్ను చెల్లెలంటుంది, ఒకరోజు దొంగంటుంది.
వేళ్లు మాత్రం ఆగవు, దుప్పటి పీకుతున్నట్టు.
వణుకన్నాడు డాక్టరు. మాత్ర రాశాడు.
నెల రోజులు నేనే వేశాను.

ఒక మధ్యాహ్నం పక్కన కూచుని వెల్లుల్లి ఒలుస్తూ
చూద్దును కదా,
చూపుడువేలికి లేని దారం చుట్టింది.
బొటనవేలి సందున లేని సూది పట్టింది.
చుట్టు, దూర్చు, లాగు.
చుట్టు, దూర్చు, లాగు.
ఐదు గొలుసులు, ఒక గడి ఖాళీ.
నా పాయ ఒలవడం ఆగిపోయింది.
నలభై రెండూ ఈమెవే.
ఏ ఓడ రేవులో, ఏ పొరుగామె నేర్పిందో,
అడుగుదామంటే ఆమె మాట నాకు రాదు,
నా మాట ఆమెకి అక్కర్లేదు.

సూది ఇవ్వనివ్వరు, గుచ్చుకుంటుందని.
తెల్ల నూలు కొస వేలికి ముడేసి ఇచ్చాను.
వేలే సూదయింది.
గొలుసు మొదట దుప్పటంత, తర్వాత మంచమంత,
పదో రోజుకి గడప దాటింది.
"దీన్నేం చేస్తావు సుగుణమణీ?" అంది మామా.
నా పేరు ఆమె పూర్తిగా పలకడం అదే మొదలు.

ఏం చెయ్యనా?
రాత్రిళ్లు ఒక కొస ముసలామె వేలికుంటుంది,
కింద పరుపు మీద నా కాలి బొటనవేలికి రెండోది.
దాహమేస్తే లాగుతుంది. లేస్తాను.
చాలాసార్లు ఏమీ అక్కర్లేకుండానే లాగుతుంది.
లేచి చూస్తే నా వంక చూడదు,
కుట్టు బిగిందో లేదో
దారం వంకే చూస్తుంటుంది.