చేయి తిరిగిన పని

టాంపెరెలో నవంబరు. మధ్యాహ్నం మూడున్నరకే చీకటి
లోపలికొచ్చి కోట్ల కొక్కేలకు వేలాడింది.
నదికి అటూ ఇటూ ఎర్ర ఇటుకల పాత నూలు మిల్లులు,
అందులో ఒకదాని మూడో అంతస్తులో వర్క్‌షాపు,
సంజ్ఞాభాషను యంత్రానికి నేర్పడం ఎలా అని.
ముప్పై ఎనిమిది మంది. మూడు ఫ్లాస్కుల కాఫీ.
చెవులు వినపడనివాడు ఒక్కడు, ఓస్మో.
అతనికోసం ఈరో, నేనూ,
ఇరవై నిమిషాలకొకసారి కుర్చీలు మార్చుకుంటూ.

మా పనికి ఒకటే నియమం: మేం లేము.
ఓస్మో చేతులెత్తితే నా నోట వచ్చే "నేను" అతనిది.
వేదిక మీద ఎవరు జోకు వేసినా, ఎవరి గొంతు తడబడినా
నా వేళ్ళదాకా వచ్చి అటు దాటాలి.
నా మాటంటూ ఒకటి గొంతులో పుట్టిందా,
చల్లారిన కాఫీతో పాటు మింగేయాలి.

జోకుకి మా గదిలో రెండు నవ్వులు.
ముందు ముప్పై ఏడు,
రెండు సెకన్లాగి ఒకటి.

నా వంతు వచ్చేసరికి వేదిక మీద వెరెనా,
గ్రాట్స్ నుంచి వచ్చిన పిల్ల, ఇదే మొదటి పేపరట.
నీళ్ళ సీసా మూత తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది.
తెర మీద ఒక బొమ్మను నిలబెట్టింది,
బూడిదరంగు స్వెట్టరు, రెప్పలు వేయని కళ్ళు.
ఇక్కడి టీవీలో పదకొండేళ్ళ వాతావరణ వార్తల్లోంచి,
మూలన చిన్న చతురంలో కనపడే చేతుల్ని ఏరి
దీనికి నేర్పామంది.
నేనూ అదే చెప్పాను: ఏరి. నేర్పాము.

ఆ చతురంలో పదకొండేళ్ళూ ఉన్నది నేను.

నన్నెవరూ అడగలేదు. అడగాలని తోచి ఉండదు.
ఒప్పందంలో ఏడో పేజీలో ఏదో రాసే ఉంటుంది.

బొమ్మ "మంచు" అంది.
కుడి మణికట్టు చివర్లో కొద్దిగా బయటికి ఒరిగింది.

తొమ్మిదో ఏట, గడ్డకట్టిన సరస్సు మీద,
అక్క తోసిన జారుడుబండి మీంచి పడ్డాను.
ఎముక అతికింది, తప్పుగా.
చేయి తిరిగిన దుబాసీ అని ఊళ్ళో పేరు నాకు.
నిజమే, రవ్వంత ఎక్కువే తిరిగింది.

ఇప్పుడా వంకర ఒక బొమ్మకి వచ్చింది,
ఏ సరస్సూ తొక్కనిదానికి,
అక్క లేనిదానికి.

ప్రశ్నల వేళ ఓస్మో లేచాడు.
నా గొంతు అడిగింది:
"మంచు అన్నప్పుడల్లా మీ బొమ్మ మణికట్టు ఎందుకు వంచుతుంది?
మా భాషలో అది లేదు."
వెరెనా స్లైడు వెనక్కి తిప్పి చూసింది. చెవులు ఎర్రబడ్డాయి.
"అది నాయిస్ అని చెప్పండి అతనికి," అంది, నావైపు చూస్తూ,
"డేటాలోంచి వచ్చింది. వచ్చే వెర్షన్లో తీసేస్తాం."

నాయిస్‌ను అతనికెలా దాటించను?
చెవి పక్కన వేళ్ళు ఆడించే గుర్తు ఒకటుంది,
అతని దాకా ఎన్నడూ రాని వస్తువు.
దాన్ని వదిలి, బియ్యంలో రాయి లాంటిది అన్నాను.
వచ్చే వెర్షన్. ఏరి. తీసేస్తాం.
ఆ వంకర చేత్తోనే అన్నాను.

ఓస్మో తెరకేసి చూశాడు. నా చేతికేసి చూశాడు.
ఏమీ అనలేదు. అని ఉంటే
దాన్నీ నేనే పైకి పలకాల్సి వచ్చేది.
"థాంక్స్" అన్నాడు. అన్నాను.
ఈరో నా భుజం తట్టాడు, కుర్చీ మారాను.

ఐదింటికి అందరం వంతెన మీద.
కింద నది తెల్లగా దూకుతోంది,
ఆ హోరులో పక్కమాట వినపడక
భోజనం ఎక్కడని ఒకరిమీదొకరు అరుచుకుంటున్నారు.
ఓస్మో అవతలి చివర దీపం కింద ఆగాడు.
చేతి తొడుగు పళ్ళతో లాగి
ఇటు తిరిగి
మంచు, అన్నాడు.
ఆకాశంలో ఇంకా ఏమీ లేదు.
ఎన్నడూ విరగని తన మణికట్టుని
కావాలనే, కొద్దిగా,
బయటికి ఒరగనిచ్చాడు.