తిరగేసిన కుట్టు

రథసప్తమి నాడు అరసవల్లి రోడ్డు మీద
నీలం పట్టా పరిచి, గుట్టగా పోసి అమ్ముతున్నాడు.
ఏదైనా నలభై.
జనం కాళ్ల దుమ్మంతా వాటి జుట్టులోనే ఉంది.
నేను ఆగింది బొమ్మ కోసం కాదు.
దాని వీపున వేలాడే ఎర్ర సాటిన్ ముక్క,
కుట్టు పైకి, మెరుపు లోపలికి.
లోకాన్ని కాపాడ్డానికి బయల్దేరిన ఆడమనిషి
గుడ్డ తిరగేసి కట్టుకుని పోతుందా?

ముప్ఫయ్యేళ్లుగా రవికలు కుడుతున్నవాణ్ణి.
తప్పు కుట్టు కనబడితే
పంట్లో మామిడి పీచు ఇరుక్కున్నట్టుంటుంది నాకు.
నలభై ఇచ్చి జేబులో వేసుకున్నాను.
దర్శనం లైన్లో మూడు గంటలు
దాని కాళ్లు నా డొక్కలో గుచ్చుకుంటూనే ఉన్నాయి.
మోకాళ్లు వంగవు మరి.
వంగే మోకాళ్లవి విశాఖపట్నం మాల్లో ఉంటాయట,
పన్నెండు వందలు.
అంటే ఎనిమిది లైనింగు రవికలు, హుక్కులతో సహా.

అలా మొదలైంది.
డే అండ్ నైట్ జంక్షన్లో సన్యాసిరావు కొట్టుకి
లోడు దిగిందంటే నాకు ఫోను.
"మాస్టారూ, పచ్చదొచ్చింది, బేగి రా,
గుంటలు ఎత్తుకుపోతారు."
ఆ గుంటల మధ్యే గొంతుక్కూర్చుని ఏరతాను.

అందరిదీ ఒకటే మొహం, ఒకటే అచ్చు.
జుట్టు రంగు మారితే శక్తి మారినట్టు లెక్క.
ఒకత్తె నిప్పు, ఒకత్తె మంచు, ఒకత్తె పిడుగు.
పిడుగుకి ఎడమ కన్ను
కాస్త కిందికి జారి అచ్చయింది.
అందుకే అదంటే నాకు ఇష్టం.
పాపిడి చుట్టూ మాత్రమే వెంట్రుకలు నాటతారు,
పైకెత్తి చూస్తే లోపలంతా బోడి.
బూట్లు రంగు, చేతి తొడుగులు రంగు.
చెమట చేతుల్తో నాలుగు రోజులు ఆడితే
వీరత్వం అరచేతికి అంటుకొస్తుంది.

కాబట్టి కుట్టాను.
మంచు పిల్లకి పొందూరు సన్నఖద్దరు,
నిప్పుదానికి ఎవరిదో పెళ్లి రవికలో మిగిలిన బెత్తెడు పట్టు,
పిడుగుకి బడిపిల్లల యూనిఫాం నీలం.
బొటనవేలంత నడుముకి డార్టు వెయ్యడం
ఎంత కష్టమో ఎవరికి చెప్పను?
హైమావతి లెక్కపెట్టింది, ముప్ఫై ఏడు.
"ఏటయ్యా, అరవైకొస్తన్నావు,
ఆడబొమ్మలకి గౌన్లేటి నీకు?"
మూడు రోజులు మాట్లాడలేదు.
నాలుగో రోజు నా కత్తెర పక్కన
బత్తాయిరంగు రిబ్బను ముక్కొకటి పెట్టి
ఏమీ ఎరగనట్టు నీళ్లు పట్టడానికి వెళ్లింది.

మొన్న విజయనగరం నుంచి ఒక కుర్రాడొచ్చాడు.
వీపున సంచి, సంచిలో దూది పరిచిన డబ్బాలు.
ఇలాంటివాడు ఇంకొకడున్నాడని
నాకు లోలోపల నవ్వొచ్చింది.
ఒక్కోదాన్నీ తలకిందులు చేసి
అరికాలి మీద అంకెలు చదివాడు.
మొట్టమొదటి దాని దగ్గర ఆగిపోయాడు.
"ఈ బ్యాచిలో కేపులన్నీ తిరగేసి కుట్టేశారండి.
తర్వాత దిద్దుకున్నారు. ఆ తప్పువి ఇప్పుడు దొరకవు.
పాత కేపు ఉంటే రెండు వేలిస్తాను."

ఉంటే.
నా చూపు మిషను మీదికి పోయింది.
గుండుసూదుల దిండు.
ఆ కుట్టు విప్పి, తిరగేసి,
దూది కుక్కి ఏడేళ్ల కిందట కుట్టిందే.
ఎర్ర సాటిన్, మెరుపు పైకి.
ఒళ్లంతా సూదులు పొడిపించుకుని
కిక్కురుమనకుండా కూర్చుంది.

"లేదు బాబూ" అన్నాను.
అబద్ధం కాదు. వాడు అడిగింది తప్పుని.
దాన్ని నేనే విప్పేశాను కదా,
పంటితో కొరికి మరీ.

వెళ్తూ వెళ్తూ తన డబ్బా తెరిచి చూపించాడు.
వాడి పచ్చదానికి భుజం దగ్గర
నాలుగు పోగులు ఊడి వేలాడుతున్నాయి.
"ఇటివ్వు, రెండు నిమిషాలు."
"వద్దండీ, ఒరిజినల్" అని
రెండు చేతుల్తో మూత పెట్టేశాడు.

పచ్చ దారం ఎక్కించిన సూది
చేతిలోనే ఉండిపోయింది.